రాజు పన్నుకై చేసిన అప్పు

బైబిలు పాఠము. చదువవలసిన భాగములు: నెహెమ్యా 5:1–19, మత్తయి 17:24–27, లూకా 16:1–8.



మార్చి నెల వచ్చినదంటే మన పల్లెలలో రెండు సంగతులు వినబడును. ఒకటి పిల్లల పరీక్షలు, రెండవది పంచాయతీ పన్నులు. ఇంటి పన్ను, కుళాయి పన్ను బాకీలు వెంటనే కట్టవలెనని పూర్వము దండోరా వేయించెడివారు. ఇప్పుడు ఆటోకు మైకు కట్టి చెప్పించుచున్నారు. ఆ మైకు వీధి మలుపు తిరుగగానే కొన్ని ఇండ్ల తలుపులు దగ్గరకు పడును. ప్రతి ఆదివారము ఒకే చాపమీద కూర్చుండి పాడుకొను మనము ఆ వారము ఒకరి ముఖము ఒకరు చూచుటకు సంకోచించుదుము. చేబదులు ఎవరిని అడుగుదునా అను తలంపు ఒకరిది, ఎవరు వచ్చి అడుగుదురో అను భయము మరియొకరిది.

పన్నులనుగూర్చి బోధింపుమనిన మన బోధకులు మత్తయి సువార్త 22వ అధ్యాయములోని కైసరు నాణెమును చేతపట్టుదురు, లేదా రోమా పత్రిక 13వ అధ్యాయము చదివి, పన్ను చెల్లించుట విశ్వాసికి విధియని చెప్పి ముగించుదురు. విధియనుట నిజమే. అయితే కట్టుటకు చేత పైకము లేనివాడు ఏమి చేయవలెను? వాని ప్రక్కింట డబ్బుగల విశ్వాసి ఏమి చేయవలెను? ఎక్కువగా కట్టిన పన్ను తిరిగి చేతికి వచ్చినవాడు దానినేమి చేయవలెను? ఈ ప్రశ్నలకు నెహెమ్యా గ్రంథము ఐదవ అధ్యాయములో వెలుగు కలదు. పాఠమును కూటములో చదివి వినిపించువారు ముందు ఆ అధ్యాయమంతయు బిగ్గరగా చదువుదురు గాక. చదువురాని పెద్దలు కూర్చుండి వినుటకు పందొమ్మిది వచనములు ఎక్కువ కావు.

మూడు గొంతుల మొర

యెరూషలేము ప్రాకారము కట్టబడుచున్న దినములవి. అర్తహషస్త రాజు ఏలుబడిలో ఇరువదియవ సంవత్సరమున, అనగా క్రీ. పూ. 445లో, నెహెమ్యా షూషను కోటనుండి వచ్చెను. పని 52 దినములలో, ఏలూలు నెలలో ముగిసెనని ఆరవ అధ్యాయము చెప్పుచున్నది. ఏలూలు అనగా మన ఆగస్టు సెప్టెంబరు నెలలు. ఆ దేశములో ద్రాక్షపండ్లు కోయు కాలము. మగవారు ఒక చేత ఆయుధము, ఒక చేత పని పట్టుకొని గోడమీద నుండగా తోటల సంగతి, ఇంటి సంగతి చూచుకొన్నవారెవరు? ఆడవారే. అందుచేతనే కాబోలు, మొదటి వచనములో జనులు మొరపెట్టిరని మాత్రమే వ్రాయక, వారి భార్యలును మొరపెట్టిరని ప్రత్యేకముగా వ్రాయబడినది. గాదెలో గింజలు నిండుకొన్న సంగతి ఇంటి యజమానునికంటె ముందు ఇల్లాలికి తెలియును.

ఆ మొరలో మూడు గొంతులు కలవు. రెండవ వచనములోనివారు పిల్లలు ఎక్కువై తిండిగింజలు లేనివారు. వీరికి పొలమున్నట్టు కనబడదు. కూలిచేసికొని బ్రదుకువారై యుందురు. మూడవ వచనములోనివారు కరవుకాలములో ధాన్యము కొరకు పొలములను, తోటలను, ఇండ్లను కుదువపెట్టినవారు. నాలుగవ వచనములోనివారు వేరు. తమకు తిండిలేదని వీరు చెప్పలేదు. రాజునకు కట్టవలసిన పన్ను నిమిత్తము తమ భూములమీద అప్పు చేసితిమని చెప్పిరి. అయితే ఐదవ వచనమునకు వచ్చుసరికి అందరి గతియు ఒక్కటే అయినది. కుమారులను, కుమార్తెలను దాస్యమునకు అప్పగింపవలసి వచ్చినది. కుమార్తెలలో కొందరు అప్పటికే దాసురాండ్రైరి. కూలివాడు, కరవుచేత చెడినవాడు, పన్నుచేత చెడినవాడు ఒకే గుమ్మమునొద్దకు చేరిరి.

ఈ నాలుగవ వచనమునొద్ద కొంతసేపు నిలువవలెను. పొలము గలవాడు, తిండికి లోపము లేనివాడు, పన్ను కట్టుటకు అప్పేల చేయవలెను?

మొదటి దర్యావేషు తన సామ్రాజ్యమును 20 మండలములుగా విభాగించి, ఒక్కొక్క మండలము ఏటేట ఎంత వెండి కట్టవలెనో నిర్ణయించెనని గ్రీకు చరిత్రకారుడైన హెరొడోటసు వ్రాసెను. యూదుల దేశము ఐదవ మండలములోనిది. ఫేనీకే, కుప్ర ద్వీపము కూడ అందులో చేరినవే. ఆ మండలమంతటికి 350 తలాంతుల వెండి. ఇందులోనే రైతు చిక్కు కలదు. రైతు పండించునది వెండి కాదు. గోధుమలు, యవలు, ద్రాక్షలు, ఒలీవనూనె. రాజు అడుగునది వెండి. గడువు వచ్చినప్పుడు రైతు తన పంటను వచ్చిన ధరకు తెగనమ్మవలెను, లేదా వెండిగలవాని గుమ్మము తొక్కవలెను. పల్లెనుండి ఇట్లు పోయిన వెండి మరల పల్లెకు వచ్చెనా అనిన, అదియు అంతగా రాలేదు. క్రీ. పూ. 331లో అలెగ్జాండరు షూషనును పట్టుకొన్నప్పుడు అక్కడి ఖజానాలో 40,000 తలాంతులకు పైగా వెండి బంగారములు మూలుగుచుండెనని ప్రాచీన చరిత్రకారులు చెప్పుదురు. నెహెమ్యా పానపాత్ర అందించిన కోట అదియే.

ఆ కాలపు సాక్ష్యము మరియొకటి మట్టిలో దొరికినది. 1893లో బబులోను దేశమందలి నిప్పూరు పట్టణపు దిబ్బలను త్రవ్వుచుండగా మురషూ అను కుటుంబమువారి వ్యాపారపు లెక్కలు వందలకొలది మట్టి పలకలమీద వ్రాయబడినవి బయటపడెను. అవి మన అర్తహషస్త కాలములోనివి, అతని తరువాత ఏలిన రెండవ దర్యావేషు కాలములోనివి. రాజు పన్ను కట్టలేకపోయిన భూమిగలవారికి ఈ మురషూవారు వెండి ఇచ్చుచుండిరి, వారి భూములను తమ చేతిలో ఉంచుకొని ఇతరులకు కౌలుకిచ్చుచుండిరి. చెరనుండి తిరిగిరాక అక్కడనే నిలిచిన యూదుల పేర్లును ఆ పలకలలో కలవు. కనుక నాలుగవ వచనములోని మాట యెరూషలేములో మాత్రమే వినబడిన మాట కాదు. ఆ రాజ్యములో అది సాధారణమైన సంగతి.

మనకును ఇది తెలియని కథ కాదు. కుంఫిణీవారి దొరతనములో మద్రాసు రాజధానియందు రైతువారీ పద్ధతి వచ్చినప్పుడు శిస్తు రొక్కముగా కట్టవలసి వచ్చెను. ధాన్యమునకు ధర వచ్చువరకు కిస్తు గడువు ఆగునా? కట్టలేనివానిని ఎండలో వంగబెట్టి వీపుమీద రాయి పెట్టిన సంగతులు 1855లో ఆ ప్రభుత్వము నియమించిన విచారణ సంఘమువారే తమ నివేదికలో ప్రకటించిరి. మన తాతముత్తాతలలో అనేకులకు ఆ దినములలో సెంటు భూమి లేదు, పాలేర్లుగా బ్రదికిరి. రైతు షావుకారుకు లొంగెను, పాలేరు రైతుకు లొంగెను. శిస్తు భారము వరుసగా క్రిందికి దిగి చివరకు మన ఇండ్లమీదనే పడెను. ఆ దినములు గతించినవి. మునసబు కరణముల ఉద్యోగములు 1984 జనవరిలో రద్దయినవి. వ్యవసాయపు ఆదాయముమీద కేంద్ర ప్రభుత్వమువారు ఆదాయపు పన్ను వేయుట లేదు. అయినను నాకు పన్నులతో పనిలేదని చెప్పగలవాడు మనలో ఎవడును లేడు. 2017 జూలై 1 నుండి వస్తుసేవల పన్ను నడచుచున్నది. సబ్బుబిళ్ళ కొన్న కూలివాడును దాని ధరలో ఆ పన్ను చెల్లించుచునే యున్నాడు.

నేనును అను మాట

మొర వినిన నెహెమ్యా మిగుల కోపపడెను. వెంటనే నోరు తెరువక తనలో తాను ఆలోచించుకొనెనని ఏడవ వచనము చెప్పుచున్నది. కోపమునకును మాటకును నడుమ ఆలోచన ఉండుట మంచిది. మన పంచాయతీ తగవులలో అది లేకయే సగము చెడుచున్నవి.

అతడు చేయని సంగతులను చూడుడి. రాజునకు పన్ను కట్టవద్దని అతడు చెప్పలేదు. ఆ పన్నును తీసివేయు అధికారము అతనికి లేదు. ముందుచూపు లేక అప్పుల పాలైతిరని బీదలను గద్దింపలేదు. ఈ రెండవది మనకు అలవాటైన పని. పన్ను బాకీపడినవాని మాట వచ్చినప్పుడు వాని త్రాగుడు, వాని ఇంటి పెండ్లి ఖర్చు, వాని కుమారుని సెల్‌ఫోను మన నోట మెదలును. అందులో కొంత నిజముండవచ్చును. అయినను నెహెమ్యా దానిని ఎత్తలేదు. తిన్నగా అప్పిచ్చినవారి వైపు తిరిగెను. అన్యులకు అమ్మబడిన మన సహోదరులను మనము విడిపించుచుండగా మీరు వారిని మరల అమ్ముదురా అని అడిగెను. వారు జవాబు చెప్పలేకపోయిరి.

తరువాత పదియవ వచనము. దీనిని మెల్లగా చదువుడి. తానును, తన బంధువులును, తన దాసులును ఆ జనులకు సొమ్మును ధాన్యమును అప్పిచ్చినవారమేయని నెహెమ్యా సభలో ఒప్పుకొనుచున్నాడు. వడ్డీ తానుకూడ తీసికొనెనా లేదా అని వ్యాఖ్యానకర్తలు తర్కించుదురు. అప్పిచ్చినవారి వరుసలో తన్ను తాను నిలువబెట్టుకొనెననుటలో తర్కము లేదు. అధికారి ఇతరుల తప్పు చూపించినప్పుడు జనులు వినుదురు. నేనును అని చెప్పినప్పుడు జనులు కదలుదురు.

పదునొకండవ వచనములో అతడు అడిగినది రెండు విధములు. కుదువపెట్టిన పొలములను, తోటలను, ఇండ్లను ఆ దినమే తిరిగి ఇయ్యవలెను. సొమ్ములోను, ధాన్యములోను, ద్రాక్షారసములోను, నూనెలోను తీసికొనుచున్న నూరవ వంతును తిరిగి ఇయ్యవలెను. నూరవ వంతు అనగా నెలకు నూటికి ఒకటి అని అనేకులు అర్థము చెప్పుదురు. అనగా మన పల్లె భాషలో రూపాయి వడ్డీ! సంవత్సరమునకు నూటికి పన్నెండు. మనలో రూపాయి వడ్డీకి ఇచ్చినవానిని ధర్మాత్ముడందురు. రెండు రూపాయలు న్యాయమందురు. మూడు రూపాయలు మామూలందురు. అవసరము చూచి ఐదు రూపాయలు తీసికొనువారును కలరు. అది ఏటికి నూటికి అరువది. నెహెమ్యా కోపపడినది రూపాయి వడ్డీమీద.

అసలు సంగతి ఏమి? అసలును కూడ విడిచిపెట్టుమని అతడు చెప్పెనా అనునది వాక్యములో స్పష్టముగా లేదు. స్పష్టముగా నున్నది తాకట్టు, వడ్డీ. నిర్గమకాండము 22:25, లేవీయకాండము 25:35–37 వచనములను అతడు కంఠతా ఎరిగినవాడైయుండును. బీదవాడైన సహోదరుని అక్కరలో లాభము వెదకవద్దని అక్కడ ఉన్నది. బ్యాంకువారు వడ్డీ తీసికొనుట పాపమా, పొదుపు సంఘపు వడ్డీ తప్పా అని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న ఈ అధ్యాయము అడుగుట లేదు. అక్కరలో నున్నవాడు నీ సహోదరుడైనప్పుడు నీవేమి చేయుదువని ఈ అధ్యాయము అడుగుచున్నది.

వారు ఒప్పుకొనిరి. నెహెమ్యా ఆ ఒప్పుకోలుతో తృప్తిపడక యాజకులను పిలిచి ప్రమాణము చేయించి, తన ఒడిని దులిపి చూపించెను. సభలో తల ఊపినవాడు ఇంటికి వెళ్ళి భార్యతో మాటలాడిన తరువాత వేరుగా చెప్పునని అతనికి తెలిసియుండును.

ఇంకొక సంగతి మరువరాదు. రాజు పన్నును తీసివేయుట నెహెమ్యా చేతిలో లేకపోయినను, అధిపతికి చెల్లవలసిన భత్యము అతని చేతిలో నుండెను. ముందటి అధిపతులు జనులయొద్ద ఆహారమును, ద్రాక్షారసమును, నలువది తులముల వెండిని తీసికొనుచుండిరి. నెహెమ్యా పన్నెండు సంవత్సరములు దానిని ముట్టలేదు. దినమునకు ఒక ఎద్దు, ఆరు మంచి గొఱ్ఱెలు, కోళ్లు వండించి నూట ఏబదిమందికి తన బల్లయొద్ద భోజనము పెట్టుచునే యుండెను. రాజు భారము తగ్గింపలేనని ఊరకొనక, తన చేతిలోనున్న భారమును తగ్గించెను.

చేప నోటిలోని షెకెలు

మన ప్రభువును పన్ను బాకీదారుగా ఎంచి అడిగినవారు కలరు. కపెర్నహూములో అరషెకెలు పన్ను వసూలు చేయువారు పేతురునొద్దకు వచ్చి, మీ బోధకుడు కట్టడా అని అడిగిరి. ఇది రోమావారి పన్ను కాదు, దేవాలయపు పన్ను. యూదుల మిష్నా గ్రంథము ప్రకారము అదారు నెల పదునైదవ దినమున దీనికి పల్లెపట్టుల్లో బల్లలు వేసెడివారు. ఇరువది ఐదవ దినమున దేవాలయములో వేసెడివారు. ఆ తరువాత కట్టనివారియొద్ద తాకట్టు పట్టెడివారు. అదారు అనగా మన ఫిబ్రవరి మార్చి నెలలు. వారికిని మార్చి నెలయే వచ్చినది!

పేతురు లోపలికి వెళ్ళి అడుగకయే, కట్టునని జవాబు చెప్పివేసెను. చేతిలో లేకున్నను అవునని చెప్పుట మనకును తెలిసినదే. కుమారులు స్వతంత్రులేయని ప్రభువు అతనికి తెలియజెప్పెను. అయినను వారికి అభ్యంతరము కలుగకుండ కట్టుమనెను. నోరు తెరచిన మొదటి చేపలో ఒక షెకెలు దొరికెను. అది ఇద్దరికి సరిపోయెను: ఒక అర ప్రభువునకు, ఒక అర పేతురునకు. పైన ఒక్క కాసు మిగులలేదు. నేను చిన్నతనములో ఆదివారపు బడిలో ఈ కథ వినినప్పుడు, చేప నోట బంగారు నాణెములు రాలియుండిన ఎంత బాగుండునని తలంచితిని. ఇప్పుడు ఆ లెక్కయే నాకు బాగున్నది. బాకీ ఎంతో అంతయే. పేతురు తన వల తానే వేయవలసి వచ్చినది, కాదు, గాలము తానే వేయవలసి వచ్చినది. జాలరికి జాలరి పనిలోనే పన్ను దొరికెను.

బాకీ ఉన్నవారికి ఇచ్చట రెండు మాటలు. మైకు వచ్చినప్పుడు తలుపు వేసికొనక, పంచాయతీ కార్యాలయమునకు వెళ్ళి ఏ సంవత్సరమునకు ఎంత బాకీయో వ్రాయించుకొనుడి. పాత బాకీ ఎంతయో తెలియక భయపడువాడు తెలిసినవానికంటె ఎక్కువ అప్పు చేయును. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసికొనుడి. రసీదులను బైబిలు ఆకుల మధ్య పెట్టక రేకుపెట్టెలో దాచుడి. బైబిలులో పెట్టినవి ఆదివారము జారిపోవును. మన స్త్రీల సమాజములలో పిడికెడు బియ్యము తీయు ఆచారము ఇంకను నిలిచియున్నది. ఆ బియ్యము అమ్మిన సొమ్ములో కొంత మార్చి నెలలో వడ్డీలేని చేబదులుగా ఇచ్చు సంఘము ఉన్నచో, అక్కడ మూడు రూపాయల వడ్డీకి గిరాకి తగ్గును.

తిరిగి వచ్చు పన్ను

ఇప్పుడు రెండవ పక్షము. మన సంఘములలో ఉపాధ్యాయులు, నర్సులు, రైల్వేవారు, బ్యాంకులో పింఛను తీసికొనువారు ఉన్నారు. జీతములో ముందే కోసికొన్న ఆదాయపు పన్ను కట్టవలసిన దానికంటె ఎక్కువైనయెడల, లెక్క దాఖలు చేసినమీదట అది తిరిగి వచ్చును. బ్యాంకులో వేసిన సొమ్మునకు వచ్చు వడ్డీమీద కూడ ఇట్లే పన్ను పట్టుదురు. పాన్ నంబరు ఇయ్యనివారికి ఎక్కువ కోయుదురు. పన్ను కట్టునంత ఆదాయము లేనివారు సంవత్సరారంభముననే బ్యాంకులో ప్రకటన ఫారము ఇచ్చినచో కోయకుందురు. ఇది తెలియక మన విధవరాండ్రలో కొందరు తమకు రావలసిన దానిని అడుగకయే పోగొట్టుకొనుచున్నారు. చదువుకొన్న యౌవనస్థులు వారికి సహాయము చేయుట మంచి పరిచర్య. పన్ను సొమ్ము వచ్చినది, ఓటీపీ చెప్పుమని ఫోను వచ్చినయెడల చెప్పవద్దు. పన్ను శాఖవారు అట్లు అడుగరు.

ఇక్కడ నొప్పి కలిగించు సంగతి యొకటి చెప్పవలసియున్నది. నీకు ఇంత తిరిగి తెప్పించెదను, అందులో ఇంత వంతు నాకిమ్మని చెప్పు మధ్యవర్తులు పట్టణములలో బయలుదేరిరి. కట్టని ఇంటి అద్దె, ఇయ్యని చందా, లేని జబ్బు వ్రాసి లెక్క పంపుదురు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖవారు దేశమంతట ఇట్టివారి తావులలో సోదాలు చేసిరి. తప్పుడు లెక్కయని తేలినచో ఎగవేసిన పన్నుకు రెండింతలు జరిమానా పడవచ్చును. మధ్యవర్తి తన వంతు తీసికొని పోవును. నోటీసు మన ఇంటికి వచ్చును.

సంఘపు కోశాధికారులకు ఈ శోధన వేరొక విధముగా వచ్చును. రెండు వేలు కానుక ఇచ్చి పదివేలకు రసీదు వ్రాయుమని అడుగువారుందురు. అడుగువాడు సంఘమునకు మేలు చేసినవాడై యుండును, పెద్దవాడై యుండును. లూకా 16వ అధ్యాయములోని గృహనిర్వాహకుడు నూరు మణుగుల నూనె చీటిని ఏబదిగా మార్చి వ్రాయించెను. ఆ ఉపమానమును మనమెన్ని విధముల విడదీసి బోధించినను, చీటి తిరుగవ్రాయుట న్యాయమని ఎవడును బోధింపలేదు. రసీదుపుస్తకము దేవుని మందిరపు గిన్నెవంటిది. ఆ రెండు వేలు పోయినను పోనీయుడి.

న్యాయముగా తిరిగి వచ్చిన సొమ్మును ఏమి చేయవలెను? నాకు తెలిసినవారిలో ఒకరు దానితో బావికి మోటారు వేసిరి. ఒకరు కుమార్తె కాలేజీ రుసుము కట్టిరి. ఒకరు మూడు దినములలో ఖర్చుపెట్టి ఏమి కొన్నారో జ్ఞాపకము లేదనిరి. ఇవన్నియు వారివారి ఇంటి సంగతులు. నేను చేసినది మాత్రము చెప్పవలెను, ఏలయనగా నెహెమ్యా పదియవ వచనము బోధించుటకు నిలువబడిన దినమున అది నన్ను పట్టుకొన్నది.

కొన్ని సంవత్సరముల క్రిందటి మాట. నేను ఉపాధ్యాయుడను. ఆ యేడు జీవితబీమా రసీదులు వేళకు ఇయ్యనందున ఫిబ్రవరి జీతములో పన్ను ఎక్కువ పోయెను. జూలైలో లెక్క దాఖలు చేసితిని. ఆగస్టు చివరను 12,500 రూపాయలు, దానిమీద వడ్డీ 312 రూపాయలు నా ఖాతాలో పడెను. ప్రభుత్వము నా సొమ్ము ఐదు నెలలు ఉంచుకొన్నందుకు నెలకు నూటికి అర్థరూపాయి లెక్కన ఇచ్చినది. (మనము ఆలస్యము చేసినయెడల రూపాయి తీసికొనును. ఇది అప్పుడు నాకు అన్యాయముగా తోచెను.) నా భార్య ఫ్యాను కావలెననెను. నేను ఆ సొమ్మును రెండు రూపాయల వడ్డీకి ఇచ్చుటకు తలంచితిని.

మా సంఘములో ఒక విధవరాలు మార్చిలో నాయొద్ద 5,000 రూపాయలు తీసికొనియుండెను. ఐదేండ్ల ఇంటి పన్ను, కుళాయి పన్ను బాకీ తీర్చుటకు ఆమెకు అది కావలసి వచ్చినది. ప్రోనోటు వ్రాయించుకొంటిని. రెండు రూపాయల వడ్డీ. ప్రతి నెల తప్పక నూరు రూపాయలు తెచ్చి ఇచ్చుచుండెను. ఆ శనివారము రాత్రి మరునాటి పాఠమునకై నెహెమ్యా చదువుచు, ప్రక్కకాగితముమీద నూరవ వంతు అను మాటకు లెక్క వేయుచుంటిని. ప్రభుత్వము నాకు ఐదు నెలలకు ఇచ్చినది 312. రాజు పన్నుకై అప్పుచేసిన స్త్రీయొద్ద ఆ ఐదు నెలలకే నేను తీసికొన్నది 500. రెండు అంకెలు ఒకదాని క్రింద ఒకటి పడినవి.

అప్పుడే లేచి వెళ్ళితిని. ఆమె గుమ్మములో కూర్చుండి మినుములు చెరుగుచుండెను.

"ఇదేంటి మాస్టారూ, ఈ నెల వడ్డీ ఐదో తారీకునే ఇచ్చానుగా?"

"వడ్డీకి రాలేదమ్మా. మీరిచ్చిందే తిరిగి ఇద్దామని వచ్చాను. ఐదు నెలలది."

ఆమె సంతోషింపలేదు, భయపడినది. "నోటు ఎవరికన్నా రాసిచ్చేశారా ఏంటి?" అని అడిగెను. కాదని చెప్పి, నెహెమ్యా ఐదవ అధ్యాయము ఆమెకు చదివి వినిపించితిని. అసలు వీలు చూచుకొని ఇయ్యుమని, ఇక వడ్డీ లేదని చెప్పితిని. ఆమె చేట ప్రక్కన పెట్టి కొంతసేపు ఊరకుండెను.

"మా మరిది దగ్గర మూడు రూపాయలు తీసుకుంటున్నారు గదా మాస్టారూ. ఆయన పన్నుకి తేలేదు, తిండిగింజలకీ పురుగుమందుకీ తెచ్చుకున్నాడు. మీరు చదివిన దాంట్లో ఆయన లేడా?"

మూడవ వచనములో ఉన్నాడని నాకు తెలియును. మూడు గొంతుల మొరకు నెహెమ్యా ఒక్కటే తీర్పు చెప్పెనని మరునాడు బోధింపబోవువాడను నేనే. ఉన్నాడమ్మా అని చెప్పి ఇంటికి వచ్చితిని.

బీరువాలోనుండి ఆ నోటు తీసి చూచితిని. 20,000 రూపాయలు, మూడు రూపాయల వడ్డీ, పదునాలుగు నెలలు. వడ్డీగా నాకు ముట్టినది 8,400. నాకు తిరిగి వచ్చిన పన్ను 12,812లో విధవరాలికిచ్చిన 500 పోగా 12,312 ఉన్నది. నా భార్యను లేపి సంగతి చెప్పితిని. ఆమె వేళ్ళమీద లెక్కపెట్టి, ఇంకను 3,912 రూపాయలు మిగులును, ఫ్యానుకు చాలునని చెప్పినది.

మరునాడు ఆరాధన గంట కొట్టకముందే ఆ మరిది ఇంటికి వెళ్ళితిని.